గుర్రం నేర్పే మనిషి కోసం

పోస్టు కాస్త పొడుగైంది, ఓపిగ్గా చదవండి. మొన్న కలిసినప్పుడు కొందరు తమ్ముళ్లు అడిగారు, "చదువు మానేసి గుర్రాల వెంట తిరుగుతున్నారంట కదా?" అని. చదువు మానలేదు. గుర్రాల వెంట తిరిగిన మాట మాత్రం నిజం. ఎందుకో చెప్తాం.

మేం నలుగురం. ఒకడిది పాడేరు ఏజెన్సీ, ఒకడిది ఎ.కొండూరు వైపు సుగాలీ తండా, ఒకడిది దివిసీమలో యానాది కాలనీ. నాలుగోది మా తండా చెల్లి. విజయవాడలో ఉండి గ్రూప్స్‌కి, పోలీసు ఉద్యోగాలకి చదువుకుంటున్నాం. ఒకరోజు సాయంత్రం ఐపీఎస్ శిక్షణ గురించి మాట వచ్చింది. హైదరాబాద్‌లోని నేషనల్ పోలీస్ అకాడమీలో గుర్రపు స్వారీ కూడా నేర్పుతారని చదివాం. "ముందు సెలక్షన్ రానీ, గుర్రం సంగతి తర్వాత చూద్దాం" అని నవ్వుకున్నాం. పాడేరు వాడు మాత్రం నవ్వలేదు.

"మా మామకి రెండు గుర్రాలున్నాయి. సంతకి బరువులు వాటిమీదే వెళ్తాయి. నాకు మాత్రం ఎక్కడం రాదు" అన్నాడు.

ఎందుకు రాదంటే, చిన్నప్పుడే ఆశ్రమ పాఠశాలలో వేశారు. సెలవులకి వెళ్లినప్పుడు "నువ్వు చదువుకునేవాడివి, నీకిదెందుకు?" అనేవారట ఇంట్లో. ఆ మాట మా అందరికీ తగిలింది. మా యానాది తమ్ముడికి వల వేయడం రాదు. తండా చెల్లికి వాళ్ల అవ్వ కుట్టే అద్దాల కుట్టు రాదు. చదువు మాకు చాలా ఇచ్చింది, కాదనం. కానీ ఇంట్లో ఉన్న విద్య ఒక్కోటి మా దగ్గరికి రాకుండానే ఆగిపోయింది. సరే, ఒక్కటైనా పట్టుకుందాం, గుర్రంతోనే మొదలుపెడదాం అనుకున్నాం.

ఇక నేర్పే మనిషి కోసం వేట. డెల్టాలో ఏ కాలవ చూసినా గుర్రపు డెక్కే కానీ గుర్రం కనపడదు. ఒకప్పుడు బెజవాడ స్టేషన్ ముందు జట్కా బళ్లు ఉండేవని పెద్దవాళ్లు చెప్తారు. ఆటోలు వచ్చాక అవి పోయాయి, వాటితో పాటు గుర్రం తెలిసిన మనుషులూ తగ్గిపోయారు.

మొదట ఊరి బయట డబ్బులు తీసుకుని నేర్పే ఒక చోటికి వెళ్లాం. గేటు దగ్గరే మా చెప్పుల వైపు చూశారు. ఫీజు చెప్పారు. ఒక్కరి నెల ఫీజు మా నలుగురి మెస్ బిల్లుకి దగ్గరగా ఉంది. బూట్లు, టోపీ వేరే కొనుక్కోవాలి. "మీకు దేనికిది, ఏం చేస్తారు నేర్చుకుని?" అని అడిగారు. కోపంగా ఏమీ అడగలేదు, మామూలుగానే అడిగారు. అందుకే ఎక్కువ బాధేసింది.

రెండోసారి ఒక బీచ్‌లో. వంద రూపాయలిస్తే అటు చివరిదాకా తిప్పి తీసుకొస్తాడు. "నేర్పుతావా అన్నా?" అంటే, "నేర్చుకునేదేముంది, కూచోవడమే" అన్నాడు. చెల్లి ఎక్కింది. ఎవరో పక్కనుంచి బైకు హారన్ కొట్టారు. గుర్రం పక్కకి దూకింది, చెల్లి కింద పడింది. ఇసక కాబట్టి మణికట్టు బెణకడంతో పోయింది. తల ఏ రాయికో తగిలి ఉంటే? నెత్తిన హెల్మెట్ లేదు. తెచ్చుకోవాలన్న ఆలోచన మాకూ రాలేదు. తప్పు మాదీ ఉంది.

మూడోసారి దొరికాడు మా గురువు. బందరు కాలవ వైపు ఒక ఊళ్లో పెళ్లి ఊరేగింపులకి గుర్రాన్ని తిప్పే సాహెబు తాత. వాళ్ల నాన్న జట్కా తోలేవాడట. ఫీజు ఎంత అంటే, "ఆదివారం పొద్దున్నే రండి, పేడ తియ్యండి, గడ్డి కొయ్యండి, తర్వాత చూద్దాం" అన్నాడు.

మూడు ఆదివారాలు గుర్రం ఎక్కనివ్వలేదు. వెనకనుంచి చప్పుడు చేయకుండా వెళ్లకూడదని, దానికి కనపడేలా పక్కనుంచి, మాట్లాడుతూ వెళ్లాలని చెప్పాడు. గిట్ట ఎత్తి లోపల ఇరుక్కున్న రాళ్లు తియ్యడం, మాలీషు, కళ్లెం పెట్టడం, జీను పట్టీ ఎంత బిగించాలో చూడటం, ఇవన్నీ అయ్యాకే ఎడమ పక్కనుంచి ఎక్కించాడు. "మడమ కిందకి దించు బాబూ. రికాబులో పాదం ముందు భాగమే ఉండాలి. పూర్తిగా దూరిందా, పడినప్పుడు కాలు ఇరుక్కుని ఈడ్చుకుపోతుంది" అనేవాడు. వరి కోశాక కూడా చేలల్లో మినుములు ఉంటాయి కదా, ఖాళీ నేల దొరకదు. కాలవ గట్టు మీదే మా క్లాసు. వాన పడితే నల్లరేగడి జారుతుంది, ఆరోజు క్లాసు లేదు. పెళ్లిళ్ల ముహూర్తాలుంటే కూడా లేదు. హెల్మెట్ మాత్రం ఈసారి మేమే అడిగాం. బైకు హెల్మెట్ పెట్టుకుని ఎక్కితే తాత పడీ పడీ నవ్వాడు. స్వారీకి వేరే హెల్మెట్ ఉంటుందని తర్వాత తెలిసి, నలుగురం కలిసి ఒకటి కొన్నాం.

గన్నవరం వెటర్నరీ కాలేజీలో చదివే మన సీనియర్ అన్న ఒకాయన ఇంకో మాట చెప్పాడు. గుర్రాల దగ్గర పనిచేసేవాళ్లు ధనుర్వాతం టీకా వేయించుకుని ఉండాలి, పేడ కలిసిన మట్టి పుండుకి తగిలితే ప్రమాదం అని. మర్నాడే వెళ్లి వేయించుకున్నాం.

సంక్రాంతికి పాడేరు వెళ్లాం. మామ గుర్రాలు పొట్టివి. కొండదారిలో అవి అడుగు వేసే తీరు చూస్తే మతిపోయింది. జీను లేదు, రికాబు లేదు, గోనె పట్టా ఒక్కటే. పగ్గం లాగకుండా, నోటితో చేసే చప్పుడుతోనే నడిపిస్తాడు. వాడు గొప్పగా ఎక్కి చూపించి, "మామా, విజయవాడలో దీనికి నెలనెలా ఫీజు కట్టి నేర్చుకుంటారు" అన్నాడు. మామ నమ్మలేదు.

"ఏటీ, దీన్నెక్కడానికి డబ్బులిత్తారా? మా ఊరికి రోడ్డేస్తే నాను దిగిపోదునురా" అన్నాడు.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. పట్నంలో గుర్రం ఎక్కడమంటే డబ్బున్నట్టు గుర్తు. గూడెంలో గుర్రం ఎక్కడమంటే రోడ్డు లేనట్టు గుర్తు. జంతువు అదే. మామకి ఉన్న విద్యకి పట్నంలో ఫీజుంది, ఊళ్లో విలువ లేదు. జబ్బు చేస్తే ఆయన గుర్రం కూడా పనికిరాదు, డోలీ కట్టి మోయాల్సిందే. కాబట్టి "మన గుర్రాలు, మన సంస్కృతి" అని పాట పాడటానికి ఈ పోస్టు పెట్టలేదు. రోడ్డు రావాలి. రోడ్డు వచ్చిననాడు మామ చేతిలో ఉన్న విద్య మాత్రం పోకూడదు. రెండూ అడుగుదాం.

నేర్చుకోవాలనుకునే తమ్ముళ్లకి, చెల్లెళ్లకి మేం తెలుసుకున్నది ఇది. మొదటిరోజే ఎక్కించి పరిగెత్తించేవాడు గురువు కాదు. గుర్రం ఒంటిమీద జీను పుండ్లు ఉన్నాయేమో చూడండి. తన గుర్రాన్ని చూసుకోనివాడు మిమ్మల్నీ చూసుకోడు. హెల్మెట్ లేకుండా ఎక్కకండి. పడ్డవాళ్లని చూసి నవ్వే చోట ఉండకండి. డబ్బు లేకపోతే పని చేస్తామని అడగండి, సిగ్గుపడొద్దు. వెటర్నరీ చదివే వాళ్లు ఎన్‌సీసీలో గుర్రాల విభాగం ఉంటుంది, కనుక్కోండి. దాన్ని రీమౌంట్ అండ్ వెటర్నరీ అంటారు.

ఇదంతా మనకి అందేది కాదు అనుకోవద్దు. 2014 మే 25న మాలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కేనాటికి ఇంకా పద్నాలుగేళ్లు నిండలేదు, తండా పిల్ల, గురుకులంలో చదువుకుంది. కొండెక్కే దమ్ము ఆమెదే, కానీ నేర్పే మనిషి దొరికారు కాబట్టి ఆ దమ్ము బయటపడింది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన దేశానికి గుర్రపు స్వారీలో బంగారు పతకం వచ్చింది, అది 41 ఏళ్ల తర్వాత. ఆ జట్టు పిల్లలు ఏళ్ల తరబడి విదేశాల్లో శిక్షణ తీసుకున్నారు. మన పిల్లలకి కాలవ గట్టు దాకా వచ్చి నేర్పేవాళ్లు కూడా లేరు. దమ్ములో తేడా లేదు, తేడా అక్కడే ఉంది.

మా ఆలోచన ఒకటుంది. వేసవిలో సాహెబు తాతని పాడేరు తీసుకెళ్లాలి. తాతకి జీను, కళ్లెం, పడకుండా కూచోవడం తెలుసు. మామకి కొండదారి తెలుసు, గుర్రం మనసు తెలుసు. ఇద్దరినీ పక్కపక్కన కూచోబెట్టి, గూడెం పిల్లలు పదిమందికి నేర్పించాలి. తాత ఒప్పుకున్నాడు, పెళ్లిళ్లు లేని రోజులు చూడమన్నాడు. మామ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

మీ ఊళ్లో గుర్రాలు పెంచేవాళ్లు ఉంటే చెప్పండి. పాత హెల్మెట్ ఉన్నా ఇవ్వండి. చెల్లి మణికట్టు బాగైంది. పోయిన ఆదివారం గట్టు చివరిదాకా వెళ్లి, తనే తిప్పుకుని తిరిగొచ్చింది.

జోహార్.