ఎర్ర మందు లేని వైపు

2003లో ఇంగ్లాండులోని ఒక పిల్లల క్యాన్సర్ వార్డులో శిక్షణ పొందుతున్నాను. అక్కడ కొన్ని మంచాల తలవైపు ‘పొట్ట నొక్కి చూడవద్దు’ అని కాగితం అంటించి ఉండేది. విల్మ్స్ ట్యూమర్ ఉన్న పిల్లల మంచాలవి. చిన్నపిల్లల కిడ్నీలో పుట్టే ఆ గడ్డను పదేపదే నొక్కితే చిట్లుతుందని భయం. స్నానం చేయిస్తుంటే చేతికి గట్టిగా తగిలిందని చెప్పే తల్లులు ఎందరో.

యూరప్ పద్ధతిలో ముందు నాలుగు వారాలు మందులిచ్చి, గడ్డను కుదించి, ఆ తర్వాత కిడ్నీ తీస్తారు. అమెరికాలో ముందే ఆపరేషన్. మందుల్లో విన్‌క్రిస్టీన్ మన పెరట్లో పూసే బిళ్ళగన్నేరు నుంచి వచ్చిందే. దానికి తోడు యాక్టినోమైసిన్. జబ్బు కాస్త ముదిరితే అప్పట్లో డాక్సోరుబిసిన్ కూడా ఇచ్చేవారు. ఎర్రగా ఉండే ఈ మందు గుండె కండరాన్ని దెబ్బతీయగలదు. ఆ దెబ్బ ఏళ్ల తర్వాత బయటపడొచ్చు. బతికిన పిల్లలకు ఆ ఏళ్లన్నీ ముందున్నాయి.

రెండు, మూడు దశల్లో ఉండి, మధ్యస్థ ప్రమాదం అని తేలిన పిల్లలకు ఆ ఎర్ర మందు అవసరమా? పిల్లల క్యాన్సర్ వైద్యుల అంతర్జాతీయ సంఘం ‘సియోప్’ చేపట్టిన సియోప్ 2001 పరిశోధన అడిగిన ప్రశ్న ఇది. ఎవరికి ఇవ్వాలో, ఎవరికి మానాలో డాక్టరు ఎంచరు, కంప్యూటరు కేటాయిస్తుంది.

ఒక పాప తల్లిదండ్రులకు మా పెద్ద డాక్టరమ్మ ఇదంతా చెబుతుంటే పక్కనే కూర్చున్నాను. “మీ పిల్లయితే మీరేం చేస్తారు?” అంది తల్లి. “ఏది మేలో నాకు నిజంగా తెలియదు. తెలిస్తే మిమ్మల్ని అడిగేదాన్నే కాదు” అన్నారావిడ. ‘తెలియదు’ అని ఒక డాక్టరు రోగి ఇంటివాళ్లతో అనడం గుంటూరులో చదివిన రోజుల్లో నేను వినలేదు. ఆ మాటతోనే ఆవిడ మీద నా గౌరవం పెరిగింది. మర్నాడు వాళ్లు సంతకం పెట్టారు. పాపకు ఎర్ర మందు లేని వైపు వచ్చింది. “అంటే తక్కువ వైద్యమా?” అని తల్లి మళ్లీ అడిగింది. నేను ఆ ఊరు వదిలేనాటికి పాప బడికి వెళ్తోంది.

పరిశోధన ఫలితాలు 2015లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చాయి. 26 దేశాలు, 583 మంది పిల్లలు. రెండేళ్లపాటు జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు ఆ మందు తీసుకున్నవారిలో 92.6 శాతం, తీసుకోనివారిలో 88.2 శాతం. తేడా ఉంది, దాన్ని దాచకూడదు. కానీ తిరగబెట్టినా చాలామందిని కాపాడుకోగలిగారు. ఐదేళ్లకు బతికున్నవాళ్లు వరుసగా 96.5, 95.8 శాతం. ఈ పిల్లలకు ఆ మందు మానొచ్చని తేల్చడం, కొత్త మందు కనిపెట్టడమంత గొప్ప పని. పత్రిక చేతికి రాగానే ముందు ఆ తల్లే గుర్తొచ్చింది.

ఇప్పుడు హైదరాబాద్‌లో పని చేస్తున్నాను. ఈమధ్య ఒక తండ్రి, పాలమూరు వైపు రైతు, నిలదీశాడు. “పక్క మంచం పాపకు ఎర్ర మందు ఎక్కిస్తున్రు, మా వానికెందుకు ఎక్కిస్తలేరు మేడం? పైసల కోసమైతే భూమి అమ్ముత.” కూర్చోబెట్టి చెప్పాను: పక్క పాప జబ్బు ఊపిరితిత్తులకు పాకింది, మీవాడిది అలా కాదు. మందు మానితే ఏమవుతుందో తెలుసుకోవడానికి ఎక్కడో కొన్ని వందలమంది అమ్మానాన్నలు తమ పిల్లలతో ముందుకొచ్చారు.

ఆయన కాసేపు ఆలోచించి, “ఆ పోరగాండ్లు ఇప్పుడు మంచిగున్నరా?” అన్నాడు.

వందలో తొంభై అయిదుకు పైగా ఐదేళ్లు దాటారని చెప్పాను. వైద్యానికి ఒప్పుకోలు పత్రాన్ని అక్షరాలు కూడబలుక్కుంటూ చదివి, సంతకం చేశాడు.