కళింగపట్టణపు ఇసుకతిప్ప

మా యింటికి సముద్రము రెండామడల దూరమునకు మించి లేదు. శ్రీకాకుళమున బస్సెక్కినచో గార మీదుగా గంటసేపటిలో కళింగపట్టణమున దిగవచ్చును. అయినను మా అత్తగారు తమ డెబ్బదిరెండేండ్ల జీవితములో సముద్రమును జూచినది ఒక్కమాఱే. అదియును ఎడ్లబండిలో గూర్చుండి, మూటలకు గావలి కాయుచు.

అప్పటి కామె క్రొత్తకోడలు. మాఘపూర్ణిమకు వంశధార సంగమమున స్నానము చేయుటకై బండ్లు గట్టుకొని యింటిల్లిపాదియు బోయిరట. పెద్దలందఱును మునిగి వచ్చువఱకు సామానుల యొద్ద నెవరైన నుండవలెను గదా! ఆ "ఎవరైన" అను మాటకు మన యిండ్లలో అర్థమేమియో సోదరీమణులకు నేను జెప్ప నక్కఱలేదు. మా మామగారు చాటుగా వచ్చి, "వచ్చే యేడు నిన్ను దీసికొని వత్తును" అనిరట. వచ్చే యేటికి మా బావగారు కడుపున బడిరి. ఆపై యేడు పంట పోయినది. ఆ తరువాత ఆయనకు ఆ మాట జ్ఞాపకముండెనో లేదో, ఆమెయు నడుగలేదు. రెండేండ్ల క్రిందట మామగారు స్వర్గస్థులైరి. మొన్న పుష్యమాసమున పప్పు చెరుగుచు, మాటలలో మాటగా ఈ కథ నాతో జెప్పి, "ఉప్పునీరు కాలికి దగిలిన నెట్లుండునో" అని చేట దులిపి లేచిపోయిరి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మావారు పాఠశాలలో లెక్కలు చెప్పుదురు. ఏ పనికైనను ముందుగా ప్రమాదములను కూడిక వేయుట వారి యలవాటు. "అమ్మకు మోకాళ్ల నొప్పి, ఏటిమొగ లోతు తెలియని చోటు, మన పిల్ల మాట వినదు" అని మూడు చెప్పిరి. నాల్గవది నా మనస్సులోనే యున్నది. నా పదియవ యేట మా పుట్టింటి వీధివా రొకరు ఏటిమొగలో స్నానమునకు దిగి మరల రాలేదు. నాటినుండి తీరమునకు ఎన్నిమాఱులు పోయినను, పాదము తడియనంత దూరమున నిలుచుటయే గాని నీటిలో అడుగు పెట్టి యెఱుగను. ఈ సంగతి మా వారికి సయితము నేను చెప్పలేదు. "మీరు రాకున్న మేమే పోదుము" అని మాత్రమంటిని. వచ్చిరి.

మాఘమున నొక యాదివారమున తెల్లవాఱుజామున బయలుదేఱి మొదట శ్రీకూర్మమున దిగితిమి. విష్ణువు కూర్మరూపమున బూజ లందుకొను ఈ యాలయమున స్వామి పడమటి మొగమై యుండును, ధ్వజస్తంభములును రెండు. ప్రాంగణమున నక్షత్రపు తాబేళ్లు పెరుగుచున్నవి. మా పిల్ల వానికి ఆకుకూర తినిపించుచు నచ్చటనే యుండి పోదునని మారాము చేసినది. "సముద్రములో నింతకంటె పెద్దవి యుండును" అని ఆశ చూపి బస్సెక్కించితిమి. ఆ మాట నిజమగునని అప్పుడు నాకు దెలియదు.

గార దాటిన పిమ్మట శాలిహుండమునకు దారి చీలును. వంశధార దక్షిణపుటొడ్డున గల ఆ కొండమీది బౌద్ధస్తూపములను 1919లో లోకమునకు దెలిపినవారు గిడుగు రామమూర్తిపంతులుగారు. వ్యావహారికభాషకై జీవితమంతయు బోరాడిన మహనీయుని పేరు ఇట్లు గ్రాంథికమున వ్రాయుచుండ నా కలము కొంచెము సిగ్గుపడుచున్నది. చిన్ననాట మా తాతగారు బాలవ్యాకరణము వల్లె వేయించిరి. ఆ యలవాటు పోలేదు. పంతులుగారు క్షమింతురు గాక. కొండ యెక్కుట అత్తగారికి సాధ్యము గాదు కనుక బస్సులోనుండియే దండము పెట్టుకొంటిమి.

కళింగుల యోడలు ఈ తీరమునుండి తూర్పుద్వీపములకు బోయిన కాలము మిక్కిలి పాతది. మలయ, యవద్వీపములవారు మన దేశపువారిని "కెలింగు" అని పిలిచిన పిలుపులో ఆ కళింగశబ్దమే యున్నది. అంత వెనుకకు బోనక్కఱలేదు. ఆంగ్లేయుల కాలమున మన జిల్లాలనుండి వేలకొలది జనము కూలికై రంగూనునకు బోయిరి. 1942లో జపానుసేనలు బర్మాపై బడినప్పుడు అడవులు దాటి కాలినడకను వచ్చినవారి కథలు మా అత్తగారి పుట్టింట నిప్పటికిని జెప్పుకొందురు. ఒకప్పుడు ఓడరేవైన కళింగపట్టణమున నేడు ఓడలు లేవు. దీపస్తంభ మొక్కటి యున్నది.

ఆ దీపస్తంభమునకు సమీపముననే తీరపు ఉద్యానవనము. కూర్చుండుటకు బల్లలును, పిల్లలకు ఊయెలలును, సిమెంటుబొమ్మలును గలవు. ఉప్పుగాలి ఇనుమును దినివేయును. సిమెంటును సయితము విడువదు. 2021 సెప్టెంబరు 26వ తేదీ రాత్రి గులాబు అను పేరు గల తుపాను ఈ యూరికి ఉత్తరముగానే తీరము దాటినది. అంతకుముందు 2018 అక్టోబరున తిత్లీ వచ్చి పలాసవైపు కొబ్బరితోటలను నేలగూల్చినది. ఇట్టి తీరమున తోట పెంచుట యనగా ఏటేటను మొదటినుండి పెంచుటయే. ఆదివారమగుటచే జనము బాగుగా నుండిరి. చెత్తబుట్ట ప్రక్కనే చెత్త వేసిపోవు మన వారి నేర్పు నేను వర్ణింపను. సరుగుడుచెట్ల నీడ మాత్రము అమృతతుల్యము. అచ్చట చాప పఱచి, పులిహోర డబ్బా విప్పకముందే అత్తగారు లేచి నిలిచి, "నది యెక్కడ?" అనిరి.

ఉత్తరముగా నడచితిమి. కొంతదూరము పోవుసరికి నేల సన్నగిల్లి నాలుకవలె సాగినది. కుడిచేతివైపు సముద్రము, ఎడమచేతివైపు వంశధార, నడుమ ఇసుకతిప్ప. ఒరిస్సా కొండలలో బుట్టి యంతదూరము పరుగెత్తి వచ్చిన నది, సముద్రము నెదుటనే కానవచ్చుచుండగా, ఈ యిసుకగోడ నొరసికొని ప్రక్కగా బోవుచున్నది. ఇది యేమి చిత్రమని నేనడుగగా మా వారు చేతికఱ్ఱతో ఇసుకలో గీత గీసి చెప్పిరి. నైరృతిఋతుపవనముల కాలమున అలలు తీరమునకు నేరుగా గాక ఏటవాలుగా దాకును. ప్రతి యలయును పిడికెడు ఇసుకను ఉత్తరమునకు జరుపును. అట్లు సంవత్సరములు గడచునప్పటికి నదీముఖమునకు అడ్డముగా తిప్ప పెరుగును. వఱద వచ్చినప్పుడు నది కోపించి దానిని దెంపును. మరల సముద్రము కుట్టును. ఇదియే పెద్దదై, తీరమునకు సమాంతరముగా నిలిచి, వెనుక నీటిని మూసి యుంచినచో దీవి యగును. పులికాటుసరస్సును సముద్రమునుండి వేఱుచేయు శ్రీహరికోట యట్టిదే. కాకినాడ రేవును అలలనుండి కాపాడు హోపుదీవియు గోదావరి తెచ్చిన ఇసుకతో నేర్పడినదే. నదులపై ఆనకట్టలు గట్టి ఇసుకను పైననే ఆపివేసినచో తీరమునకు జేరు భాగము తఱుగుననియు, అప్పుడు సముద్రము ఒడ్డును గోసికొనుననియు మా వారు చెప్పుచుండిరి. నేను వినుచుంటిని గాని, నా కన్ను అత్తగారి మీద నున్నది. పిల్లమీద లేదు.

"ఓలమ్మో! అటేపు ఎల్లకండి! పిల్లని పట్టుకోండి!"

కేక విని తిరిగి చూచితిని. ఎఱ్ఱపీతను దఱుముకొనుచు మా పిల్ల నదివైపు అంచునకు బోయినది. దాని కాలిక్రింద ఇసుక అరచేయంత వెడల్పున విఱిగి నీటిలో బడినది. అంతలో నొక పల్లెపడుచు పరుగున వచ్చి దాని జెయ్యి పట్టి వెనుకకు లాగినది. ఇదంతయు రెప్పపాటు. నా నోట మాట రాలేదు, కాళ్లు కదలలేదు. ఇరువదియైదేండ్ల క్రిందటి భయము వచ్చి నా యెదుట నిలుచున్నట్లయ్యెను.

"ఏటిపక్క ఇసక గుల్లమ్మగోరూ. పైకి గట్టిగుంటాది, కింద నీరు కోసేత్తాది. ఇప్పుడు పాటు ఏల. ఏరంతా సముద్రంలోకి లాగేత్తాది. ఈతొచ్చినోడైనా నిలబడనేడు" అని ఆమె చెప్పినది. పోటు దిగిపోవువేళ నదిలోని నీరంతయు ఇరుకైన మొగగుండ ఒక్కుమ్మడిగా సముద్రములోనికి బోవును. మోకాలిలోతు నీరు సయితము మనుష్యుని ద్రోయగలదు. పుణ్యమునకై సంగమముననే మునుగవలెనని పట్టుబట్టు అమ్మలక్కలు ఈ మాట మఱువరాదు. ఉద్యానవనము నెదుట నలుగురును దిగుచోటనే, మడమ తడియునంతవఱకే దిగుట మేలు. నదిని, సముద్రమును అచ్చటినుండియే తలచుకొన్నను పుణ్యమునకు లోపము రాదని మా అత్తగారే తీర్పు చెప్పిరి.

ఆ పల్లెపడుచే మమ్ము తగిన చోటికి దీసికొని పోయినది. అత్తగారికి ఒక ప్రక్క ఆమె, ఒక ప్రక్క నేను. నీటి యంచు వచ్చుసరికి నేను నిలిచిపోతిని. అత్తగారు నా మొగము చూచి, "నీకును భయమా అమ్మాయీ?" అనిరి. అవునంటిని. "అయిన నన్ను గట్టిగా పట్టుకొనుము" అనిరి. ఎవరిని పట్టుకొనుటకు ఎవరు వచ్చిరో నాకు దెలియలేదు. అల వచ్చి మా మువ్వురి పాదములను ముంచి, వెనుకకు బోవుచు మడమలక్రింది ఇసుకను లాగికొని పోయినది. అత్తగారు చిన్నపిల్లవలె కిలకిల నవ్విరి. ఆమె యట్లు నవ్వగా నేను కాపురమునకు వచ్చిన పదునాలుగేండ్లలో జూడలేదు. అచ్చటనే కూర్చుండి మూడు దోసిళ్లు తలపై జల్లుకొనిరి. నాల్గవ దోసిలి తూర్పుమొగముగా విడిచిపెట్టి, "ఇంత ఆలస్యము చేసితిరి" అని మెల్లగా ననిరి. మాతో గాదు. మా వారు ఒడ్డున చెప్పులు చేత బట్టుకొని నిలిచి యుండిరి. వారును విన్నారనుకొందును, కన్నులద్దములు తీసి తుడుచుకొనిరి.

తరువాత పులిహోర ఆమెకును బెట్టితిమి. మొదట మొగమాటపడి, పిదప కూర్చుండినది. పెనిమిటి యూర లేడట. "ఈరావల్ ఎల్నాడు. ఆగస్టులో ఎల్నోడు ఎండలు ముదిరితే గాని రాడు." వేరావల్ యనగా గుజరాతు తీరమునందలి రేవు. ఇంత సముద్రము ముంగిట నుండగా అంతదూరమేల యని మా పిల్ల యడిగినది. ఈ తీరమున పెద్దమరపడవలు నిలుచుటకు తగిన రేవు లేదు. చిన్నపడవలతో అలలు దాటి పోయి వచ్చినదానితో ఇల్లు గడవదు. కావున శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల పల్లెలవారు వేలకొలదిగా పడమటి సముద్రమునకు బోవుచుందురు. 2018లో నట్లు పోయినవారు గాలికిని, తెలియమికిని సరిహద్దు దాటి పాకిస్తానువారికి జిక్కిరి. వారిలో ఇరువదిమంది 2020 జనవరిలో గాని విడుదల కాలేదు. పడవపెద్దను ఇచ్చట తండేలు అందురు. ఆ పేరుతోనే 2025లో ఒక చలనచిత్రము వచ్చినది. "సినిమా సూసినావా?" అని మా పిల్ల యడుగగా, ఆమె, "సూడనేదమ్మా. మా మావ సముద్రం మీదున్నంతకాలం నాను అలాటియి సూడను" అన్నది. మూలపేటలో 2023లో ఓడరేవునకు శంకుస్థాపన జరిగినదని మా వారు చెప్పగా, "అది పెద్దోడలకి బాబూ" అని యూరకున్నది. ఫోను కొంగున ముడివేసి యున్నది. మాటలాడుచున్నంతసేపును చేయి దానిమీదనే.

పోవునపుడు మా పిల్లను బిలిచి, ఇసుకలో నొక జాడ చూపినది. బండిచక్రము లీడ్చినట్లు సముద్రమునుండి వచ్చి, మరల సముద్రములోనికే పోయిన జాడ. రాత్రి తాబేలు వచ్చి గ్రుడ్లు పెట్టి పోయినదట. ఈ తాబేళ్లు శీతకాలపు చివర మన తూర్పుతీరమునకు వచ్చి, గుంట త్రవ్వి, నూఱు వఱకు గ్రుడ్లు పెట్టి, కప్పి, వెనుకకు జూడక పోవును. నలువదియైదు మొదలు అఱువది దినములలో పిల్లలగును. ఇసుక వెచ్చగానున్న ఆడుపిల్లలు, చల్లగానున్న మగపిల్లలు పుట్టుదురనుట శాస్త్రజ్ఞులు కనిపెట్టిన వింత. గ్రుడ్డు వెడలిన పిల్లలు సముద్రముపైని వెలుగునుబట్టి దారి తెలిసికొనును; ఒడ్డున దీపము లధికమైనచో అటు దిరిగి చచ్చును. ఈ తీరమున బలుచోట్ల గ్రుడ్లను సేకరించి కంచెలలో బొదిగించి పిల్లలను నీటిలో విడుచుచున్నారు. "ఈ యమ్మ యేది?" అని మా పిల్ల పలుమాఱడిగినది. శ్రీకూర్మముననే యుండెదనని మారాము చేసిన సంగతి అప్పటికి మఱచినది.

సాయంకాలపు బస్సులో జనము క్రిక్కిఱిసిరి. అత్తగారికి మాత్రము కిటికీప్రక్కన చోటు దొరకినది. ఉప్పునీటికి బిగిసిన చీరకుచ్చెళ్లను సరదుకొనుచు, గార వచ్చువఱకు మాటలాడలేదు. గార దాటిన పిమ్మట మా వారివైపు దిరిగి, "నాయనా, ఎండలు ముదిరిన తరువాత ఇంకొకమాఱు వత్తమా? అప్పటికి దాని పెనిమిటి వచ్చియుండును గదా" అనిరి.