టీఎంసీలో గుమ్మం లేదు

పెద్దాపురం హాస్టల్ నుంచి రాస్తున్నా. మాది కూనవరం వైపు, పోలవరం ముంపు ఊరు. ఇంట్లో కాలేజీ దాకా వచ్చింది నేనొక్కడినే కాబట్టి ఏ లెక్కైనా నాన్న నాకే ఫోన్ చేస్తాడు. మొన్న అడిగాడు: "డ్యాములో 194 టీఎంసీలంటరు కదరా, ఎన్ని నీళ్లు?"

"చాలా నాన్నా" అన్నా. సిగ్గేసింది. చిన్నప్పటి నుంచి వింటున్న మాట, నాకే తెలీదు.

రాత్రి పెన్ను పట్టుకుని కూర్చున్నా. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. ఘనపుటడుగుకి 28.3 లీటర్లు. మొత్తం 2,830 కోట్ల లీటర్లు! మా హాస్టల్లో రోజుకి పదివేల లీటర్లు వాడతాం అనుకుంటే ఒక్క టీఎంసీ 7,750 ఏళ్లు వస్తది. "అప్పుడైనా పొద్దున బాత్రూం కాడ లైను ఉండదా?" అన్నాడు రూమ్మేట్.

క్యూసెక్కు దగ్గర తప్పు చేశా. అది నిలవ నీళ్ల లెక్క కాదు, సెకనుకి ఒక ఘనపుటడుగు పారడం. 2022 జూలై వరదలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ లెక్కన టీఎంసీ పోవడానికి 400 సెకన్లు. మా హాస్టల్ 7,750 ఏళ్లు వాడే నీళ్లు ఏడు నిమిషాల లోపే పోయినయ్. ఆ వరదకి మేం గుట్ట మీద ఉన్నాం.

నాన్నకి లీటర్లు చెప్తే లాభం లేదు, ఎకరాల్లోకి మార్చా. టీఎంసీని అడుగు లోతున పరిస్తే దాదాపు 23 వేల ఎకరాలు. 194.6 టీఎంసీలైతే 44 లక్షల ఎకరాల పైనే.

నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సరే, మన గుమ్మం దాకా వస్తదా?"

దానికి టీఎంసీలో జవాబు లేదు. అవే నీళ్లు మైదానంలో పరుచుకుంటయ్, లోయలో లేస్తయ్. గుమ్మం సంగతి తేలాలంటే ఎత్తు కావాలి. డ్యాము పూర్తి మట్టం 45.72 మీటర్లు, అంటే సముద్ర మట్టం నుంచి 150 అడుగులు. మొదటి దశ 41.15 మీటర్లు, 135 అడుగులు. మా అవ్వ ఎప్పుడూ "భద్రాచలంలో ఎన్నడుగులు?" అనే అడిగేది. 1986లో 75.6, 2022లో 71.3. చదువుకోని అవ్వ సరైన కొలతే అడిగింది. కాకపోతే జాగ్రత్త, అవి అక్కడి కొలబద్ద అడుగులు, సముద్ర మట్టం నుంచి కాదు. మా ఊళ్లో రెండూ కలిపేసి చాలామంది భయపడుతున్నారు, కొందరు ఊరికే ధైర్యంగా ఉన్నారు.

దసరాకి ఇంటికి పోతా. మా గుమ్మం ఎత్తు తేల్చాలి. లెవెల్ పట్టడం తెలిసిన సివిల్ అన్నలు, అక్కలు ఎవరైనా మాతో వస్తారా?