ఆరింటికి ఇంట్లో ఎవరుంటారు?

"ఒక్కడితోనే ఆపేశారా? రెండోవాళ్ళెప్పుడు?" పేరంటానికి వెళ్ళినా, పెళ్ళికి వెళ్ళినా మనవాళ్ళు అడగకుండా ఉండరు కదండీ! మా అక్క కూతురు ఆ ప్రశ్నకి చెప్పిన జవాబు విన్నాక మీతో పంచుకోవాలనిపించింది.

తను హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తోంది. భర్తదీ అదే ఉద్యోగం. మూడేళ్ళ బాబు. "నాకూ ఇంకో బిడ్డ కావాలనే ఉంది పిన్నీ. కానీ ఆరింటికి డేకేర్ నుంచి వీణ్ణి ఎవరు తీసుకురావాలన్న దగ్గరే రోజూ మాకు గొడవ. ఇంకొకరొస్తే ఏం చెయ్యను?" అంది. అమెరికా వాళ్ళతో మీటింగులు రాత్రి తొమ్మిదింటికి మొదలవుతాయట. అల్లుడు మంచివాడే, గిన్నెలు కూడా తోముతాడు. అయితే బాబుకి జ్వరమొస్తే సెలవు పెట్టేది మాత్రం మా పిల్లే!

'ఈ కాలం ఆడపిల్లలు సుఖం మరిగారు' అంటారు పెద్దవాళ్ళు. నేనొప్పుకోను. నా ఇద్దరు పిల్లలూ మా అత్తగారి ఒళ్ళో పెరిగారు. నేను స్టవ్ దగ్గరుంటే ఆవిడ నలుగు పెట్టి నీళ్ళు పోసేవారు. మామగారు బడిలో దింపేవారు. నాకు జ్వరమొస్తే మా ఆడపడుచు వచ్చి వారం రోజులుండేది. నాకు ఉద్యోగం లేదు, అయినా అది నలుగురం కలిసి చేసిన పని. ఇప్పుడదంతా ఒక్క పిల్ల లాప్‌టాప్ ముందు కూర్చుని చెయ్యాలంటే కుదురుతుందా, మీరే చెప్పండి!

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక్కో స్త్రీకి సగటున ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8 మంది పిల్లలు. ఇద్దరు దాటితే పంచాయతీ ఎన్నికల్లో నిలబడకూడదన్న నిబంధనని ఆంధ్రప్రదేశ్‌లో 2024లో ఎత్తేశారు కూడా. కనమనడానికేం, ఎవరైనా అంటారు!

2017లో చట్టం సవరించి, మొదటి రెండు కాన్పులకి ప్రసూతి సెలవుని 12 వారాల నుంచి 26 వారాలకి పెంచారు. 50 మంది, ఆ పైన పనిచేసే చోట క్రెష్ ఉండాలన్నారు. మంచిదే. కానీ ఆ సెలవయ్యేసరికి బిడ్డ ఇంకా సరిగ్గా కూర్చోను కూడా కూర్చోదు. తండ్రికైతే ఆ చట్టంలో ఒక్కరోజు సెలవూ లేదు. ఇక మిగిలిందెవరు? అమ్మమ్మలు, నాయనమ్మలు, నాలాంటి పిన్నులు!

పోయిన దసరాకి అడగనే అడిగింది. "నువ్వొచ్చి రెండేళ్ళుంటానంటే ఆలోచిస్తాను పిన్నీ" అని. మా అక్క మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కలేదు. నాకేమో ఇంటర్ చదివే కొడుకు, షుగరున్న భర్త. రానని ఎలా అనను? వస్తానని మాత్రం ఎలా అనను?

చివరికి ఇలా అన్నాను. "ఆరు నెలలు వస్తాను. నేనున్నన్నాళ్ళూ మంగళ, గురువారాల్లో మీ ఆయన ఆరింటికల్లా ఇంట్లో ఉండాలి. అది అలవాటైతేనే నేను వెళ్ళాక మీకు జరుగుతుంది."

పక్కనే ఉన్న అల్లుడు మేనేజర్ని అడుగుతానన్నాడు. సంక్రాంతి కూడా వెళ్ళిపోయింది. ఇంకా అడగలేదట.