రాజును నిలదీసే హాస్యగాడు

రాసిపెట్టిన స్క్రిప్టు లేకుండా, ప్రేక్షకులు అందించిన ఒక్క మాట పట్టుకుని అప్పటికప్పుడు నవ్వుల ఆట కట్టే బృందాలు ఇప్పుడు పెద్ద నగరాల్లో పేరు తెచ్చుకుంటున్నాయి. ఇంప్రొవ్ అంటున్నారు దాన్ని. షికాగోలో 1959లో మొదలైన సెకండ్ సిటీ ఈ పద్ధతిని లోకానికి పరిచయం చేసింది. వయోలా స్పోలిన్ 1963లో దాని మీద రాసిన పుస్తకాన్ని నటులు ఇప్పటికీ చదువుకుంటున్నారు. మంచి విద్యే. అయితే నిజామాబాద్, బోధన్ వైపు పుట్టినవాళ్లు మాత్రం దీన్ని కొత్త విద్య అనుకోవద్దు. చిందు బాగోతం ఆడే కుటుంబాలు ఈ పనిని తరతరాలుగా, తెల్లవార్లూ చేస్తూనే వచ్చాయి.

మాదిగ వాడల్లో వాళ్ల కులపురాణమైన జాంబ పురాణం చెప్పేది, రాత్రయితే సారంగధర, చెంచులక్ష్మి ఆటలు కట్టేది వీళ్లే. ఏ ఊళ్లు ఏ కుటుంబానివో మిరాశీ ప్రకారం, అంటే వంశపారంపర్య హక్కుగా, పంచుకుని ఉంటారు. ఇంటిల్లిపాదీ ఆడతారు, ఆడవాళ్లతో సహా. బోధన్ పక్క అమ్దాపూర్ చిందుల ఎల్లమ్మ ఆడ వేషమూ కట్టింది, మగ వేషమూ కట్టింది. ఆమె 2005లో కన్నుమూసింది. చిందు అనగానే ఇప్పటికీ మన జిల్లాలో ముందు గుర్తొచ్చేది ఆమె పేరే. ఆమె పాటను, అడుగును అందరూ మెచ్చుకున్నారు. మాటకు మాట అందించే ఆ మేళంలోని హాస్యగాడి గురించి మాత్రం మనం తక్కువ మాట్లాడుకున్నాం. నాకు ఆ బాధ ఉంది.

రాజు వేషం రాగానే ఆటలో ఏం జరుగుతుందో చూడండి. తల మీద పొనికి చెక్క కిరీటం, భుజాలకు భుజకీర్తులు, ముఖానికి అర్దళం పూత. మద్దెల మోగుతుండగా రాజు దరువు పాడి నిలబడతాడు. ఎదురుగా వచ్చే హాస్యగాడికి కిరీటం అంటే భయం లేదు. నువ్వెవరు, మీదే ఊరు అని అడుగుతాడు. ఆ ప్రశ్న కథలోనే ఉంది. దాని తర్వాత వచ్చేది మాత్రం ఆ ఊరిది, ఆ రాత్రిది. మచ్చుకు ఇట్లా అనుకోండి:

“మాది రాజమహేంద్రవరం.”

“అంత దూరంకెళ్లి ఈడికెందుకొచ్చినవ్ రాజా? చెరుకు కోతకా?”

“కోతకు గాదురా, కొలువు తీర్చనీకి వచ్చిన!”

“కొలువా! అయితే మా పిలగానికి గూడ ఫ్యాక్టరీల ఒక కొలువు ఇప్పియ్యి.”

ఇక్కడ రాజు బిక్కమొహం వేస్తే ఆట చెడుతుంది. కోప్పడి ఆ మాట కొట్టిపారేసినా చెడుతుంది. ఇచ్చిన మాటను ఒప్పుకుని, దాని మీద ఇంకో మాట పేర్చి, జనం నవ్వు చల్లారకముందే మళ్లీ దరువులోకి వెళ్లాలి. ఇంప్రొవ్ నేర్పేవాళ్లు మొదట చెప్పే సూత్రం ఇదే. చిందు పిల్లలకు దీన్ని ఎవరూ పాఠంగా చెప్పరు. తల్లిదండ్రుల పక్కన నిలబడి పట్టుకుంటారు.

చదివింపులు కూడా అంతే. కథ మంచి పట్టులో ఉండగా ఎవరో లేచి పది రూపాయలు ఇస్తారు. ఆట ఆగుతుంది. ఇచ్చినవాడి పేరు, ఇంటిపేరు కలిపి దీవెన కట్టాలి, అందులో చిన్న పరాచికం ఉండాలి, అయినా ఆ మనిషి నొచ్చుకోకూడదు. ఎవరికి ఎవరితో పొసగదో, ఎవరి బావి ఎండిందో ఎరిగినవాడికే అది సాధ్యం. నా లెక్కలో హాస్యగాడి అసలు సాధన ఇదే, ఊరిని చదవడం.

పైగా బోధన్‌లో ఊరంటే ఒక్క భాష కాదు. తెలుగు, ఉర్దూ, మరాఠీ ఒకే చాయ్ హోటల్లో వినిపిస్తాయి. కందకుర్తి దగ్గర గోదావరి దాటితే ధర్మాబాద్, అది మహారాష్ట్ర. అవతలి మరాఠీ జానపద ఆట తమాషాలో కృష్ణుడి జతగాడు పెంద్యా గొల్లభామలను ఆపి మాటలతో ఆడించే ఘట్టం కూడా చాలావరకు ఆశువుగా సాగేదే. ఏరు మధ్యలో ఉన్నా రెండు గట్ల నవ్వు ఒక్క తీరుదే.

ఫ్యాక్టరీ మాట ఎందుకు తెచ్చానంటే, ఈ నేల మీద దాన్ని దాటి ఏ ముచ్చటా పోదు. 1937లో నిజాం కాలంలో పెట్టిన బోధన్ చక్కెర కర్మాగారం ఒకప్పుడు ఆసియాలోనే పెద్దది. 2015 డిసెంబరులో లే ఆఫ్ ప్రకటించారు. జీతం పోయినవాళ్లు ముందు వరసలో కూర్చున్న ఊళ్లో కొలువు మీద మాట విసరడానికి ధైర్యం కావాలి, ప్రేమ కూడా కావాలి. రాసుకొచ్చిన జోకు అక్కడ చాలదు, ఎదురుగా ఉన్న ముఖాలను చూస్తూ మాట మార్చుకోగలగాలి.

ఇప్పుడు సభల్లో చిందు కళాకారులకు పది నిమిషాలిస్తున్నాం. కిరీటాలు చూసి, ఫొటోలు తీసుకుని, శాలువా కప్పి పంపుతున్నాం. పది నిమిషాల్లో పాట పడుతుంది, అడుగు పడుతుంది. హాస్యగాడికి మాత్రం జనం ముఖాలు చదివే వ్యవధి దొరకదు, అందుకని ముందు కోతపడేది అతని భాగమే. ఇది కళకు చేస్తున్న అన్యాయమని నా అభిప్రాయం. ఈ తరానికి ఆశు హాస్యం నచ్చదనే మాట నేను ఒప్పుకోను. పక్కనే జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి మై విలేజ్ షో యూట్యూబ్ చానల్లో గంగవ్వ తన యాసలో అన్న మాటలకు లోకమంతా నవ్వింది.

నిజామాబాద్ కాలేజీల నాటక బృందాలకు, ఇంప్రొవ్ నేర్చుకోవాలనుకునే పిల్లలకు నా విన్నపం ఒకటే. వార్షికోత్సవానికి ఒక చిందు మేళాన్ని పిలవండి. పూర్తి రాత్రి ఇవ్వండి, రాత్రికి తగిన డబ్బు ఇవ్వండి, హాస్యగాడి మాటకు కత్తెర పెట్టకండి. మీరు ముందు వరసలో కూర్చోండి, అతను ఏదైనా అడిగితే జవాబు చెప్పండి.