మట్టిని నమ్ముకున్న బిజెన్

ఒకయామాలో షింకాన్‌సెన్ దిగి, ఆకో లైను లోకల్ రైలెక్కితే గంట తిరక్కుండానే ఇంబె స్టేషన్ వస్తుంది. స్టేషన్ భవనంలోనే కుండల దుకాణం. బయటికి రాగానే ఇళ్ల కప్పుల మధ్య నుంచి ఎర్ర ఇటుకల పొగగొట్టాలు కనిపిస్తాయి. జపాన్‌లోని బిజెన్ నగరానికి గుండెకాయ ఈ పేటే. నగరమన్న మాటే గానీ జనాభా 30,000కు అటూ ఇటూ, అదీ ఏటా తగ్గుతోంది. వెనక కొండలు, ముందు సెతో లోపలి సముద్రం, నడుమ ఇరుకు లోయల్లో వరి మళ్లు.

చరిత్ర ముక్తసరిగా చెప్పుకుందాం. బిజెన్ అనేది ఒకనాటి సంస్థానం పేరు. 1971లో ఈ ఊరు నగరమైంది. 2005లో హినాసె, యోషినాగా పట్టణాలు వచ్చి కలిశాయి. బిజెన్ కత్తులు అనగానే చాలామంది ఇక్కడికే వస్తారు గానీ, ఆ కమ్మరుల ఊరు ఒసఫునె ఇప్పుడు పక్కనున్న సెతోఉచి నగరంలో ఉంది. ఇక్కడ ఇనుము కాదు, మట్టి.

ఆ మట్టి వరి మళ్ల అడుగున దొరుకుతుంది. పేరు హియొసె. కోతలైపోయాక, చలికాలంలో, పొలాన్ని కొన్ని మీటర్ల లోతు తవ్వి తీస్తారు. నల్లగా, జిడ్డుగా, వేలికి అంటుకుంటే వదలదు. దాన్ని ఏళ్ల తరబడి ఎండకూ వానకూ వదిలేసి, ఆ తర్వాత నానబెట్టి, వడకట్టి, కొండమట్టి కలిపి తొక్కి సారె మీద పెడతారు. తాతగారు తవ్వించి దాచిన మట్టిని మనవడు వాడుకోవడం ఇక్కడ మామూలే.

హియొసెకు ఒక పెంకితనం ఉంది. తొందరగా వేడి చేస్తే పగులుతుంది, ఉబ్బుతుంది. కాలేటప్పుడు బాగా కుంచించుకుపోతుంది కాబట్టి పైన గాజుపూత నిలవదు. అందుకే పూత మాటే తలపెట్టకుండా, ఎర్ర పైన్ కట్టెలతో పది రోజులో రెండు వారాలో రాత్రింబవళ్లు మంట పెడతారు. వేడిని మెల్లమెల్లగా 1,200 డిగ్రీలు దాటిస్తారు. ఆవం దగ్గర వంతులవారీగా కాపలా ఉంటుంది. మంట రంగు చూసి కట్టె వేస్తారు. కట్టెల ఖర్చు, మనుషుల శ్రమ లెక్కేసుకుంటే ఏడాదికి ఒకటి రెండుసార్లకు మించి ఆవం వెలిగించలేని కుటుంబాలే ఎక్కువ. ఆవంలో ఏదైనా తేడా వస్తే నెలల పని బూడిదపాలే.

రంగులు దిద్దకపోయినా ఒక కుండలా ఇంకో కుండ ఉండదు. ఎగిరొచ్చిన కట్టెబూడిద కుండ భుజాల మీద పడి కరిగి నువ్వులు చల్లినట్టు మచ్చలు కడుతుంది. దాన్ని గోమా అంటారు. నిప్పుల బూడిదలో కూరుకుపోయిన భాగం బూడిదనీలమవుతుంది, అది సంగిరి. కుండలు ఒకదానికొకటి అతుక్కోకుండా వరిగడ్డి చుట్టి పెట్టడం పాత అలవాటు. గడ్డిలోని పొటాషియం మట్టిలోని ఇనుముతో కలిసి ఎర్రటి చారలు గీసింది. ఆ చారలకు హిదాసుకి అని పేరొచ్చింది, తర్వాత వాటి కోసమే గడ్డి చుట్టడం మొదలైంది. నేను వెళ్లిన ఒక దుకాణంలో పెద్దావిడ సాకె సీసా ఒకటి నా ముందు పెట్టి, ఏమీ మాట్లాడకుండా మెల్లగా తిప్పింది. ఒక వైపు ఇసుక రాలిందేమో అన్నట్టు గరుకు, పసుపు; రెండో వైపు నున్నగా, ఎండు ఖర్జూరం రంగు. వెనక్కి తిప్పి ధర చీటీ చూశాక నేనూ ఏమీ మాట్లాడలేదు.

16వ శతాబ్దంలో టీ గురువులు ఈ మొరటుతనాన్ని నెత్తిన పెట్టుకున్నారు. అప్పటి పాలకుడు హిదెయొషికి బిజెన్ పాత్రలంటే ఇష్టమని చెబుతారు. నా ఓటు మాత్రం వంటింటి సామానుకే. సురిబాచి అనే గీతల నూరుడు గిన్నె విసిరికొట్టినా పగలదని ఇక్కడి సామెత. కొండవాలున ఊరంతా కలిసి నడిపిన ఉమ్మడి ఆవాల గుర్తులు ఇప్పటికీ ఉన్నాయి. దక్షిణపు ఆవం పొడవు యాభై మీటర్ల పైమాటే. కిమురా, మోరి, తొంగు, తెరామి, ఓఆఎ, కనెషిగె అనే ఆరు వంశాలు వాటిని నడిపాయి. మెయిజీ కాలంలో గిరాకీ పడిపోయి మట్టి గొట్టాలు చేసుకుని బతికిన రోజులూ ఉన్నాయి. పాత పద్ధతిని మళ్లీ నిలబెట్టిన కనెషిగె తోయొను 1956లో ప్రభుత్వం సజీవ జాతీయ సంపదగా గుర్తించింది.

కొండల వైపు కథ వేరు. మిత్సుఇషి దగ్గర దొరికే రోసెకి రాయి ఎంత మంటకైనా లొంగదు. ఉక్కు కొలుములకు ఇటుకలు దానితోనే చేస్తారు. నిప్పుకు బెదిరే మట్టి, నిప్పును లెక్కచేయని రాయి, రెండూ ఒకే ఊళ్లో పుట్టాయి. సందర్శకులెవరూ ఇటుకల కార్ఖానాల వైపు పోరు గానీ, ఊరికి కూడు పెట్టడంలో వాటి వాటా తక్కువేం కాదు.

షిజుతాని బడిని మాత్రం వదలకండి. ఇకెదా మిత్సుమసా అనే ప్రభువు 1670లో సామాన్యుల పిల్లల కోసం పెట్టించాడు. ఇప్పుడున్న పాఠశాల మందిరం 1701 నాటిది, జాతీయ నిధి. దాని కప్పు పెంకులు కూడా బిజెన్ మట్టివే. చుట్టూ 765 మీటర్ల రాతిగోడ, పైభాగం గుండ్రంగా, సందు లేకుండా పేర్చినది. కన్ఫ్యూషియస్ సమాధి దగ్గరి విత్తనాలతో పెంచిన రెండు చెట్లు శరదృతువులో ఒకటి ఎర్రగా, ఒకటి పసుపుగా మారతాయి. ఆ వారాల్లో మాత్రం జనం విరగబడతారు.

ఇక సముద్రం వైపు హినాసె. చలికాలంలో ఆయిస్టర్ల సీజను. వాటిని వేసి పెనం మీద కాల్చే కకిఒకొ అట్టు కోసం దుకాణాల ముందు బారులు తీరతారు. సముద్రపు గడ్డి అంతరించి చేపలు తగ్గిపోతుంటే, 1985లో ఇక్కడి జాలర్లే గింజలు పోగుచేసి నీళ్లలో చల్లడం మొదలుపెట్టారు. ఆ గడ్డి మైదానాలు మళ్లీ పరుచుకున్నాయి. 2015లో కకుయి దీవికి వంతెన కట్టారు. ఏటా అక్టోబరులో ఇంబెలో కుండల తిరునాళ్ల జరుగుతుంది. ధరలు కాస్త దిగేది అప్పుడే.