మన్రో వారి ఇంటి పేరు

ఇంటి పేరు చెబితే ఊరు తెలిసిపోతుందంటారు. తాడేపల్లి, వేమూరి, గుర్రంకొండ... తెలుగువాళ్ల ఇంటి పేర్లలో ఊళ్ల పేర్లకు కొదవ లేదు. ఊరు మనిషికి పేరిస్తుంది. స్కాట్లాండ్‌లో పుట్టిన ఓ ఇంటి పేరు మాత్రం ఇందుకు ఎదురు నడిచింది. మనుషుల మీంచి కొండల మీదికి ఎక్కింది. ఓ దీవికి, ఓ దేశ రాజధానికి పేరైంది. మన రాయలసీమలో అయితే ఏకంగా పసిపిల్లల ఉయ్యాల దాకా వచ్చింది.

ఆ ఇంటి పేరే మన్రో!

స్కాట్లాండ్ ఉత్తరాన క్రోమార్టీ అనే సముద్రపు పాయ ఉంది. దాని ఒడ్డున ఉన్న ఫౌలిస్ కోట మన్రో వంశానికి మూలస్థానం. ఆ రోజుల్లో అక్కడ ఆస్తి పెద్ద కొడుకుదే. మిగతావాళ్లు పొట్ట చేతపట్టుకుని సైన్యంలో చేరాలి, లేదంటే ఓడెక్కాలి. అలా 17వ శతాబ్దంలో ఆండ్రూ అనే ఆయన అమెరికా చేరాడు. ఆయన వంశంలో పుట్టిన జేమ్స్ మన్రో 1817లో ఆ దేశానికి 5వ అధ్యక్షుడయ్యాడు. విముక్తులైన నల్లజాతివారి కోసం ఆఫ్రికా తీరాన ఏర్పడిన ఊరికి 1824లో ఆయన పేరే పెట్టారు. లైబీరియా రాజధాని మన్రోవియా అదే. హాలీవుడ్ తార మార్లిన్ మన్రో అసలు పేరు నార్మా జీన్. సినిమాల్లోకి వచ్చాక తల్లి పుట్టింటి పేరును తన పేరుకు చేర్చుకుంది. కెనడా కథా రచయిత్రి ఆలిస్ మన్రోకు ఆ పేరు అత్తింటి నుంచి వచ్చింది. 2013లో నోబెల్ బహుమతి అందుకున్నది ఆ పేరుతోనే.

కొందరికి పుట్టుకతో, కొందరికి పెళ్లితో, ఒకరికి వెండితెర కోసం... ఒక్కటే పేరు, వచ్చిన దారులు వేరు!

నాగపట్నం గుమ్మం

మన దేశానికీ మన్రోలు చాలామందే వచ్చారు. 1764లో బక్సార్ యుద్ధం గెలిచిన ఈస్టిండియా కంపెనీ సేనాని హెక్టర్ మన్రో. 1781లో డచ్చివాళ్ల నుంచి నాగపట్నాన్ని పట్టుకున్నదీ ఆయనే. ఆ తర్వాత సొంత గడ్డ మీద, ఫైరిష్ కొండ నెత్తిన, నాగపట్నం కోట గుమ్మాన్ని పోలిన రాతి కట్టడం కట్టించాడు. పనుల్లేక అల్లాడుతున్న చుట్టుపక్కల జనానికి కూలి దొరకాలన్నదే ఉద్దేశమంటారు. మన తూర్పు తీరపు గుమ్మం స్కాట్లాండ్ కొండ మీద ఇప్పటికీ నిలబడి ఉంది.

కేరళలో కొల్లం దగ్గర అష్టముడి కాయలులో కల్లడ నది కలిసేచోట మన్రో తురుత్తు ఉంది. తురుత్తు అంటే దీవి. తిరువాన్కూరు సంస్థానంలో రెసిడెంటుగా, దివానుగా పనిచేసిన జాన్ మన్రో పేరు దానికి మిగిలింది.

ఇవన్నీ హోదా ఉన్నవాళ్ల పేర్లు. హోదా ఉంటే పేరు పెట్టేవాళ్లకు కరువుండదు. రాయలసీమ కథ వేరు.

డేరాలో కలెక్టరు

1780 జనవరిలో 18 ఏళ్ల కుర్రాడొకడు మద్రాసులో ఓడ దిగాడు. గ్లాస్గోలో తండ్రిది పెద్ద వ్యాపారమే. కానీ అమెరికా స్వాతంత్ర్య యుద్ధంతో అది దివాలా తీసింది. దాంతో కొడుకు కంపెనీ సైన్యంలో చేరాల్సి వచ్చింది. అతడే థామస్ మన్రో.

20 ఏళ్ల తర్వాత, 1800లో నిజాం నవాబు బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలు ప్రాంతాలను కంపెనీకి అప్పగించాడు. అందుకే అవి దత్తమండలాలయ్యాయి. వాటికి కలెక్టరుగా వచ్చిన మన్రో, బంగళాలో కూర్చోలేదు. డేరా వేసుకుని ఊరూరా తిరిగాడు. పొలాలు కొలిపించాడు. మధ్యలో జమీందారు లేకుండా పన్ను నేరుగా రైతు పేరనే రాయించాడు. రైత్వారీ పద్ధతి ఇక్కడ అలా వేళ్లూనుకుంది.

అంతమాత్రాన ఆయన్ని దేవుణ్ని చేయనక్కర్లేదు. వచ్చింది కంపెనీ ఖజానా నింపడానికే. పాళెగాళ్లను అణచి, కోటలు స్వాధీనం చేసుకుని, కొందరికి భరణాలు ఇచ్చి సరిపెట్టాడు. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటు వెనక ఆ భరణాల గొడవ కూడా ఉంది. రైతు మీద వేసిన శిస్తూ తక్కువేం కాదు.

అయితే అది ఎక్కువని తెలుసుకున్నవాడూ ఆయనే. 1807లో వెళ్లిపోయే ముందు, శిస్తులో నాలుగో వంతు తగ్గించాలని పైవాళ్లకు రాశాడు. వాళ్లు వినలేదు. రైత్వారీని పక్కన పెట్టి ఊళ్లను గుత్తకిచ్చారు. రైతులు చితికిపోయారు. 1820లో మద్రాసు గవర్నరై తిరిగొచ్చిన మన్రో, తను అడిగిన తగ్గింపును తనే అమలు చేశాడు. తను వేసిన పన్ను తప్పని ఒప్పుకుని, 13 ఏళ్ల తర్వాతైనా దిద్దుకున్న అధికారులు ఎంతమంది ఉంటారు?

సీమ జనం మర్చిపోలేదు. ఆయన్ని మాండవ్య ఋషి అన్నారు. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ఆయనతో మాట్లాడారని చెప్పుకున్నారు. తిరుమలలో నైవేద్యానికి ఆయన ఇచ్చిన పాత్రను మన్రో గంగాళమన్నారు. పుట్టిన పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు! స్కాట్లాండ్ ఇంటి పేరుకు అప్పను చేర్చి సొంతం చేసుకోవడం సీమవాళ్లకే చెల్లింది.

రాని ఓడ

గవర్నరు పదవి వదిలి ఇంటికి వెళ్లిపోతానని మన్రో ఎప్పుడో అడిగాడు. బర్మా యుద్ధం వచ్చి ఆగాల్సి వచ్చింది. ఈలోగా చిన్న కొడుకు క్యాంప్‌బెల్ జబ్బుపడ్డాడు. భార్య ఆ పిల్లాడిని తీసుకుని ఓడెక్కింది. వెనకాలే తనూ వెళ్లాలి. వెళ్లేముందు పాత జిల్లాల్ని చివరిసారి చూసొద్దామని 1827లో బయల్దేరాడు.

అప్పుడు సీమలో కలరా తిరుగుతోంది. కడప జిల్లా గండి క్షేత్రంలో ఆయనకు కొండల మధ్య బంగారు తోరణం కనిపించిందని, అది చావు దగ్గరపడ్డవాళ్లకే కనిపిస్తుందని ఓ కథ ఉంది. కథ మాటెలా ఉన్నా, జులై 6న పత్తికొండలో కలరా ఆయన్ని పట్టుకుంది. పొద్దున ఆరోగ్యంగా ఉన్న మనిషి రాత్రికి లేడు. గుత్తిలో ఖననం చేశారు. ఆ తర్వాత అవశేషాలను మద్రాసు కోటలోని చర్చికి తరలించారు. చనిపోయిన చోట బావి తవ్వించి, తోట వేయించారు.

జబ్బుచేసి ఓడెక్కిన ఆ పిల్లాడు మాత్రం బతికాడు. పెద్దవాడయ్యాడు. ఆయన పెద్ద కొడుకే హ్యూ థామస్ మన్రో. తాత పేరు మనవడి పేరులో చేరింది.

ఈ మనవడికి కొండల పిచ్చి. స్కాట్లాండ్‌లో 3,000 అడుగులు దాటిన పర్వతాలన్నిటికీ 1891లో జాబితా వేశాడు. ఇప్పటి లెక్కలో అవి 282. ఇప్పుడు అక్కడ అంత ఎత్తు కొండను ఎవరూ కొండ అనరు. మన్రో అంటారు! సెలవొస్తే మన్రో ఎక్కుదామని బయల్దేరతారు. అన్నీ ఎక్కినవాళ్లు వేలల్లో ఉన్నారు. చిత్రమేంటంటే, జాబితా రాసిన హ్యూ మాత్రం 1919లో కన్నుమూసేనాటికి ఒకటి రెండు శిఖరాలు మిగిలే ఉన్నాయి.

తాతకు ఇల్లు అందలేదు. మనవడికి చివరి కొండ అందలేదు. ఇద్దరూ సగంలో వదిలిన దారిలోనే పేరు మిగిలింది. మనవడి పేరు కొండలకు దక్కితే, తాత పేరు పత్తికొండ, గుత్తి ప్రాంతాల్లో ఏ తల్లో తన బిడ్డను అన్నానికి పిలిచిన కేకలో కలిసిపోయింది. ఆ బిడ్డ ఇంటి పేరు వేరే. ఒంటి పేరు మాత్రం మన్రోలప్ప!